గులాబీ ప్యాక్ మీద నా ఫొటో వేస్తామంటున్నారు

ఖమ్మం జిల్లా నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు 46, ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరు. మూడేళ్ల క్రితం స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. అప్పుడు ఇంట్లో మరిది పెళ్లి, ఆ వెంటనే కూతురి ఇంటర్ పరీక్షలు. అన్నీ అయ్యాక చూపించుకోవచ్చులే అని ఎనిమిది నెలలు గడిపేశారు. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి మూడో స్టేజీ. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎమ్మెన్జే ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ మీద ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ జరిగాయి. రానుపోను చార్జీలు, ఆసుపత్రి దగ్గర గది అద్దె, జుట్టు ఊడాక విగ్గు మాత్రం ఒక చిన్న ట్రస్టు చూసుకుంది. ఆ ట్రస్టు సెక్రటరీని ఆవిడ 'అన్నయ్య' అనే రాశారు.

ఇప్పుడు ఆ అన్నయ్యే ఒక మాట అడిగారు. పళ్ల రసాలు అమ్మే ఒక కంపెనీ అక్టోబరులో గులాబీ రంగు ప్యాక్ తెస్తోంది. 'ప్రతి ప్యాక్‌పై 50 పైసలు రొమ్ము క్యాన్సర్ బాధితులకు' అని దాని మీద ఉంటుంది. ఆ డబ్బు ఈ ట్రస్టుకే. ప్యాక్ మీద, హోర్డింగుల మీద ఈవిడ ఫొటో, టీవీలో 30 సెకన్ల యాడ్. ఆవిడకు 20 వేలు ఇస్తారు. బీకాం చదివే కూతురు ఒప్పంద పత్రం చదివి రెండు సంగతులు పట్టుకుంది. కంపెనీ ఇచ్చే మొత్తానికి 8 లక్షల దగ్గర పరిమితి ఉంది. ఫొటోను ఐదేళ్లపాటు కంపెనీ ఏ సరుకుకైనా వాడుకోవచ్చు. యాడ్ కోసం ఈవిడ సొంతంగా ఐదు వాక్యాలు రాసి పంపితే, 'పెళ్లి పనుల్లో పడి ఎనిమిది నెలలు ఆలస్యం చేశాను' అన్న వాక్యం కొట్టేసి తిరిగొచ్చింది. 'నెగెటివ్‌గా ఉంది' అని పక్కన రాశారట. దాని బదులు 'సమయానికి గుర్తించాను, గెలిచాను' అని చెప్పమన్నారు. ఇంకో మాట కూడా: 'జుట్టు మళ్లీ వచ్చేసింది కదా మేడమ్, షూటింగుకు తలకి పింక్ స్కార్ఫ్ కట్టుకోండి, లేకపోతే పేషెంటులా కనిపించరు.'

భర్త ఒప్పుకోమంటున్నారు. 8 లక్షలంటే ఎంతమందికి బస్సు చార్జీలు! కూతురు 'నిన్ను అమ్ముకుంటున్నారమ్మా' అంటోంది. అత్తగారు, ఊరంతా బొమ్మలు పెడితే రేపు పిల్లకు సంబంధాలు వస్తాయా అని గొడవ. 'వద్దంటే విశ్వాసం లేనిదాన్నవుతానా? సరేనంటే అబద్ధం చెప్పినదాన్నవుతానా?' అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీకు టెన్షన్ ఎందుకొచ్చిందంటే, ట్రస్టు, కంపెనీ రెండూ మీ మనసులో ఒకటైపోయాయి. మీకు సాయం చేసింది ట్రస్టు. ఫొటో అడుగుతున్నది కంపెనీ. మధ్యలో అన్నయ్య నిలబడి అడగడంతో, కంపెనీకి కాదంటే అన్నయ్యకు కాదన్నట్టు అనిపిస్తోంది. కంపెనీకి మీరు ఒక్క రూపాయి బాకీ లేరు. ట్రస్టుకు బాకీ ఉన్నారని మీకు అనిపిస్తే అది మీ మంచితనం. అది ఎలా తీర్చుకోవాలో మీరే ఎంచుకోవచ్చు.

అన్నయ్యను తప్పుపట్టి లాభం లేదు. అంత చిన్న ట్రస్టుకు 8 లక్షలు అంటే మామూలు మాట కాదు. విరాళాల కోసం తిరిగి తిరిగి అలసిపోయిన మనిషి దగ్గరికి, అడగకుండానే ఒక కంపెనీ వచ్చి చెక్కు చూపిస్తే, షరతులు చదివే ఓపిక ఎవరికి ఉంటుంది? పైగా సరుకు కొంటే సేవకు కొంత అనే పద్ధతి అంతా మోసమే అనుకోవడమూ సరికాదు. పాంపర్స్ డైపర్ల కంపెనీ 2006 నుంచి యునిసెఫ్‌తో కలిసి, ఒక ప్యాక్ కొంటే ఒక ధనుర్వాతం టీకా అని ప్రచారం చేసింది. పేద దేశాల్లో గర్భిణులకు నిజంగానే టీకాలు అందాయి. అక్కడ లెక్క సూటిగా ఉంది. ఒక ప్యాక్‌కు ఏమిటి వస్తుందో కొనేవాళ్లకు తెలుసు.

మీ ప్యాక్ మీద రాసినదానికీ, జరగబోయేదానికీ అంత సూటి సంబంధం లేదు. 50 పైసల చొప్పున 8 లక్షలు కావాలంటే 16 లక్షల ప్యాకులు అమ్మితే సరిపోతుంది. గత అక్టోబరులో 40 లక్షలు అమ్మామని యాడ్ తీసే ఏజెన్సీ కుర్రాడు మీ ముందే గొప్పగా చెప్పాడని రాశారు. ఈసారీ అంతే అమ్మితే, మిగతా 24 లక్షల ప్యాకులు మీ బొమ్మ పెట్టుకుని, '50 పైసలు' అన్న మాట పెట్టుకుని, ఒక్క పైసా ఇవ్వకుండా అమ్ముడుపోతాయి. 17వ లక్షలో ప్యాక్ కొన్న అమ్మాయి తానూ ఏదో ఇచ్చాననుకునే తాగుతుంది. ప్యాక్ ధర 20 రూపాయలు అన్నారు. ఆ 20 నేరుగా ట్రస్టు డబ్బాలో వేస్తే, నలభై ప్యాకులు తాగినంత దానం.

ఇది కొత్త ఎత్తేమీ కాదు. అమెరికాలో 1990ల చివర యోప్లే పెరుగు కంపెనీ, కప్పు మూతలు కడిగి పంపితే రొమ్ము క్యాన్సర్ సంస్థకు డబ్బిస్తామంది. జనం 94 లక్షల మూతలు పంపారు. తీరా చూస్తే విరాళానికి లక్ష డాలర్ల పరిమితి. జార్జియా రాష్ట్ర అధికారులు నిలదీశాక అదనంగా కొంత కట్టాల్సి వచ్చింది. 2010లో కేఎఫ్‌సీ గులాబీ బకెట్లలో కోడి వేపుడు అమ్మింది, బకెట్‌కు 50 సెంట్లు అంది. సుసాన్ కోమెన్ అనే పెద్ద సంస్థకు 42 లక్షల డాలర్లకు పైగానే వచ్చాయి, అది చిన్న మొత్తమేం కాదు. కానీ ఆ 50 సెంట్లు, హోటళ్లవాళ్లు కంపెనీ దగ్గర కొన్న ఖాళీ బకెట్ల లెక్కన. కస్టమర్ ఎన్ని కొన్నా విరాళం నేరుగా పెరగదని చిన్న అక్షరాల్లో రాసే ఉంది. చిన్న అక్షరాలు ఎవరు చదువుతారు చెప్పండి, మీ అమ్మాయిలాంటి వాళ్లు తప్ప!

రొమ్ము క్యాన్సర్‌కు గుర్తుగా పెట్టుకునే గులాబీ రిబ్బను ఎలా పుట్టిందో కూడా చెప్పాలి, ఎందుకంటే మీ చిక్కు మొదట పడింది ఒక మామూలు గృహిణి. కాలిఫోర్నియాలో షార్లెట్ హేలీ అనే 68 ఏళ్ల ఆవిడ, తన ఇంట్లో ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు రొమ్ము క్యాన్సర్ బారిన పడుతుంటే చూసి, భోజనాల బల్ల మీద కూర్చుని లేత నారింజ రంగు రిబ్బన్లు చుట్టేది. ప్రతి కట్టతో ఒక కార్డు. జాతీయ క్యాన్సర్ సంస్థ బడ్జెట్ 180 కోట్ల డాలర్లు, అందులో నివారణకు ఖర్చుపెట్టేది 5 శాతమే, మన నాయకులను నిద్ర లేపుదాం అని దాని మీద ఉండేది. 1992లో ఒక మహిళల పత్రిక, ఎస్టీ లాడర్ కాస్మెటిక్స్ కంపెనీ ఆ రిబ్బను మాకివ్వమని అడిగాయి. ఇది మరీ వ్యాపారం అయిపోతుందని ఆవిడ ఒప్పుకోలేదు. వాళ్లు లాయర్లను అడిగి రంగు మార్చుకున్నారు. గులాబీ వచ్చింది, దేశదేశాలకు పాకింది. కార్డు మీది ప్రశ్న మాత్రం దానితో రాలేదు.

మీ దగ్గర కొట్టేసిన వాక్యం చూస్తే నాకు ఆ కార్డే గుర్తొచ్చింది. మీరు రాసిన ఐదు వాక్యాల్లో ఇంకో ఆడమనిషికి నిజంగా పనికొచ్చేది అదొక్కటే. మన ఇళ్లలో గడ్డ తగిలినా ఎందుకు చూపించుకోరు? తెలియక కాదు. పెళ్లి ఉంది, పరీక్షలున్నాయి, మనవడి బారసాల ఉంది, చెబితే ఇంట్లో కంగారు పడతారు, అంతే. మీరు 'పెళ్లి పనుల్లో పడి' అన్నప్పుడు టీవీ ముందు కూర్చున్న ఎవరో ఒకావిడ ఉలిక్కిపడుతుంది. 'సమయానికి గుర్తించాను, గెలిచాను' అంటే ఆమెకు ఏం తెలుస్తుంది? ఇప్పటికే ఆలస్యమైన వాళ్లకైతే, తప్పంతా తమదేనని ఇంకో దెబ్బ. ఆ వాక్యం నెగెటివ్‌గా ఉందని ఏజెన్సీ అనడం నిజమే. రసం అమ్మడానికి నెగెటివే.

స్కార్ఫ్ గురించి మాత్రం రెండో ఆలోచన అక్కర్లేదు. మీరు ఏ దారి ఎంచుకున్నా అది కట్టుకోకండి. ఊడిన జుట్టు మళ్లీ వచ్చిన రోజు ఎంత సంతోషపడ్డారో మీరే అరపేజీ రాశారు. రోగంతో ఉన్న మనిషిలా మళ్లీ వేషం వేయమనడం నటన కాదు, మీ బతుకును సరుకు పక్కన బొమ్మగా నిలబెట్టడం. మన దేశంలో 2022లో వచ్చిన తప్పుదోవ పట్టించే ప్రకటనల నిబంధనలు కూడా, యాడ్‌లో ఒక మనిషి చెప్పే మాట ఆ మనిషి నిజమైన అభిప్రాయం అయి ఉండాలని అంటాయి. అబద్ధపు ప్రకటనలకు కంపెనీతో పాటు అందులో మాట్లాడినవాళ్లనూ అడిగే వీలు వినియోగదారుల చట్టంలో ఉంది. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. ఏజెన్సీ ఒత్తిడి చేస్తే అనడానికి ఒక మాట ఉంటుందని.

ఇక రసం సంగతి. చక్కెర తింటే క్యాన్సర్ పెరిగిపోతుందని వాట్సాప్‌లో తిరిగే మాటలు నమ్మి కంపెనీతో వాదనకు దిగకండి, అంత సూటి సంబంధం లేదు. అయితే మెనోపాజ్ తర్వాత ఒళ్లు పెరగడం రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచుతుందని మాత్రం బాగా రుజువైంది. తీపి పానీయాలు ఒళ్లు పెంచుతాయి. కాబట్టి ప్యాక్ వెనక చక్కెర ఎంతో ఒకసారి చూసి, 'నేను తాగి కోలుకున్నాను' అన్నట్టు వినిపించే ఏ మాటా స్క్రిప్టులో లేకుండా చూసుకోండి. ఇలాంటి చోట పెద్దవాళ్లే తడబడ్డారు. 2008లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పెప్సికోతో ఒప్పందం చేసుకుని, వాళ్ల పళ్ల రసాలకు, ఓట్స్‌కు తన ముద్ర ఇచ్చింది. డాక్టర్ల సంఘం సరుకులకు సర్టిఫికెట్ ఇవ్వడమేమిటని మెడికల్ కౌన్సిల్ తప్పుపట్టి చర్యకు దిగింది. ట్రస్టు పేరు కూడా ఒక ముద్రే. అది ఒకసారి పలచబడితే తర్వాతి దాతలు ముందూవెనకా ఆడతారు. ఈ మాట అన్నయ్యకు మీరు చెబితేనే బాగుంటుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

ఉన్నది ఉన్నట్టుగా సంతకం పెట్టేస్తే ట్రస్టుకు 8 లక్షలు వస్తాయి, మీకు 20 వేలు వస్తాయి. ఆ 20 వేలు తీసుకోవడం తప్పు కాదు, మోడల్‌కు ఇంకా ఎక్కువే ఇచ్చేవాళ్లు. కానీ ఐదేళ్లపాటు 'ఏ సరుకుకైనా' అన్న మాట ఊరికే రాయరు. రేపు ఆ కంపెనీ ఇంకేదో తయారు చేస్తే దాని మీదా మీరే ఉంటారు. దేవుడి దయవల్ల అంతా బాగుండాలి, కానీ ఒకవేళ జబ్బు తిరగబెడితే? 'గెలిచాను' అంటూ నవ్వే మీ హోర్డింగు కిందుగానే కీమోకు వెళ్లాల్సి వస్తుంది. ఇది కటువుగా ఉందని తెలుసు. ఒప్పందం చేసుకునేటప్పుడే ఆలోచించాల్సిన సంగతి కాబట్టి అన్నాను.

పూర్తిగా వద్దంటే ముందు నాలుగు రోజులు అన్నయ్య ముఖం చిన్నబోతుంది. కంపెనీ వెనక్కి వెళ్లదు, ఇంకో పేషెంటును వెతుక్కుంటుంది. డబ్బు ట్రస్టుకు రావడానికే ఎక్కువ అవకాశం ఉంది, ఎందుకంటే వాళ్లకు కావలసింది ట్రస్టు పేరు. మీరు తప్పుకోవడం వల్ల ఎవరిదో బస్సు చార్జీ ఆగిపోతుందన్నది మీ వారి భయం, అంత భయపడక్కర్లేదు. కానీ మీ స్థానంలో వచ్చే ఆవిడ ఒప్పంద పత్రం చదవగలిగిన కూతురు ఉన్న మనిషి కాకపోవచ్చు. ఆవిడ స్కార్ఫ్ కట్టుకుంటుంది.

అందుకే మూడో దారి, బేరం పెట్టడం, కాస్త పరిశీలించండి. ఇందులో మీకు పని ఎక్కువ, మర్యాద తక్కువ దక్కే వీలుంది, 'డిమాండ్లు పెడుతోంది' అంటారు. అయినా అడగాల్సినవి పెద్దవేం కావు. పరిమితి ఉంటే 'మొత్తం 8 లక్షల వరకు' అని ప్యాక్ మీద ముందువైపే వేయాలి, లేదా పరిమితి తీసేయాలి. ఇంకా మంచిది, ప్యాకులతో లంకె పెట్టకుండా 8 లక్షలు ముందే ఇచ్చేసి 'ఈ ట్రస్టుకు ఇంత ఇచ్చాం' అని రాసుకోవడం. నిజం అదే కదా! ఫొటో ఒక్క ఈ ప్యాక్‌కు, ఒక్క సీజనుకు. మీరు ఎప్పుడైనా వద్దంటే ఇన్ని రోజుల్లో తీసేయాలని పత్రంలో ఉండాలి. పత్రం తెలుగులో ఇంకో కాపీ ఇవ్వాలి. కొట్టేసిన వాక్యం తిరిగి పెట్టాలి, లేదా 'సమయానికి' అన్న అబద్ధం తీసేయాలి. వాటిలో సగం ఒప్పుకుంటే మీరు ఎక్కడ ఆగాలో ముందే మీ అమ్మాయితో కూర్చుని రాసుకోండి. షూటింగ్ రోజున మేకప్ గదిలో పదిమంది చుట్టూ నిలబడి ఉండగా తేల్చుకోవడం కష్టం.

కంపెనీని ఇంకో ప్రశ్న కూడా అడగమని అన్నయ్యకు చెప్పండి: ఈ డబ్బు ఏ పద్దులోంచి? కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి, మనవాళ్లు సీఎస్‌ఆర్ అంటుంటారు. సరుకు ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్పులు దాని కిందికి రావని 2021లో సవరించిన నిబంధనల్లో స్పష్టంగా ఉంది. ఇది సీఎస్‌ఆర్ డబ్బే అంటే ప్యాకులతో, మీ ఫొటోతో దానికి పని లేదు, ఎలాగూ ఖర్చు చేయాల్సిన డబ్బు. ప్రచార ఖర్చు అంటే, ప్రచారానికి తగ్గ రేటు ట్రస్టు అడగవచ్చు. హోర్డింగులకు, టీవీ స్లాట్లకు ఎంత పెడుతున్నారో అడిగితే, 8 లక్షలు పెద్దవో చిన్నవో అన్నయ్యకే తెలిసిపోతుంది.

ఇక ప్యాకులతో సంబంధం లేని దారి ఒకటుంది. నాకు మనసు ఎక్కువ మొగ్గేది దాని వైపే, ఒప్పుకుంటాను. ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు ఇరవై ఏళ్లపాటు లక్షన్నర మంది ఆడవాళ్లతో చేసిన అధ్యయనం 2021లో వచ్చింది. ఖరీదైన మెషీన్లేం వాడలేదు. శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. యాభై దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. మీ మండలంలో ఆశా కార్యకర్తలు, డ్వాక్రా సంఘాల మీటింగులు ఉన్నాయి. అక్కడ ఒక నర్సును పక్కన కూర్చోబెట్టుకుని, కొట్టేయడానికి ఎవరూ లేకుండా, మీ ఎనిమిది నెలల కథ చెప్పండి. ట్రస్టు పేరు మీదే చెప్పండి, అన్నయ్య బాకీ అలా తీరుతుంది. దీనిలో లోటు ఏమిటంటే డబ్బు రాదు, లేదా చాలా మెల్లగా వస్తుంది. ట్రస్టుకు ఈ ఏడాదే డబ్బు అవసరమైతే ఈ దారి దాన్ని తీర్చదు, అది దాచడం నాకిష్టం లేదు.

అత్తగారి మాట కొట్టిపారేయకండి. హోర్డింగు మీద ఉండేది మీరే అయినా, 'వాళ్లమ్మకు ఉంది కదా' అని అనిపించుకునేది మీ అమ్మాయి. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి 5 నుంచి 10 శాతమే అని సంబంధాలు చూసే పెద్దలకు ఎవరు చెప్పి ఒప్పిస్తారు? అలాంటి ఇల్లు మనకెందుకు అని మీ అమ్మాయే అనవచ్చు. ఆ మాట ఆమెనే అననివ్వండి, ఆమె తరఫున మీరు గానీ నేను గానీ అనకూడదు. మీ వారు, అత్తగారు, మీరు ముగ్గురూ మాట్లాడుకున్నారని రాశారు. ఆ అమ్మాయి లెక్కలు చెప్పింది, తన సంగతి మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు.

అన్నయ్యతో ఫోన్లో నోరు పెగలదంటే మెసేజ్ పెట్టండి. 'అన్నయ్యా, మీరు చేసిన మేలు మరిచిపోను. ట్రస్టు కోసం ఎక్కడికి రమ్మన్నా వస్తాను. ఈ పత్రంలో నాలుగు మార్పులు కావాలి, కింద రాశాను. అవి కుదరకపోతే ప్యాక్ మీద నా ఫొటో వద్దు. వాళ్లతో మీరు మాట్లాడతారా, నన్ను మాట్లాడమంటారా?' ఇంతకంటే వివరణలు, క్షమాపణలు అక్కర్లేదు.

ఉత్తరం చివర ఒక మాట రాశారు. షూటింగ్ పెట్టిన రోజే మీ ఆరు నెలల చెకప్ కూడా ఉందని, ఆసుపత్రికి ఫోన్ చేసి వాయిదా వేసుకుందామనుకుంటున్నారని. ఏజెన్సీకి ఫోన్ చేసి వాళ్ల తేదీ మార్చుకోమనండి.